దశరథ బావ ఈపు మీది అతుకులు

ఆ టీవీ బంద్ జెయ్యి శేఖరూ. జెయ్యమంటున్న. పొద్దందాక ఆ తెల్లోల్లు ఒకల్ల మీద ఒకలు దుంకుతుంటె నోర్లు తెర్సుకోని చూస్తరు. ఆళ్ల పేర్లు, ఆళ్ల ఎత్తులు, ఆళ్ల పెండ్లాల పేర్లు గూడ మీకు ఎరుకే. మీ ఇంటి పహిల్వాను సంగతి ఎవడన్న ఒక్కనాడు అడిగిండా? గోడకు ఫోటో ఉన్నది. రోజు దాని కిందనే చెప్పులు ఇడుస్తరు. "అవ్వా, గీ ఫోటోల తల సగమే పడ్డదేంది?" అని అడిగిన పోరగాడు లేడు ఈ కొంపల. ఎందుకు పడ్డదంటె, తీసినోని డబ్బల ఆయన పట్టలే. గందుకు. సంతోషీ, ఫోన్ల రికార్డు జేస్తవో, రాసుకుంటవో నీ ఇష్టం. నేను మల్ల మల్ల చెప్ప.

ఆయన పేరు దశరథ. మీ తాత బక్కయ్యకు సొంత అన్న. నాకు బావ. మన ఈ తలుపు ఉన్నది గదా, దాని మీద ఇంకో జానెడు ఉండెటోడు. మీ తాతనేమో అన్న చంక కింది నుంచి వంగకుండ పోయెటోడు. ఒక్క తల్లి కడుపుల పుట్టిన్రు ఇద్దరు, చెప్తె ఎవరు నమ్మకపోదురు.

మేం నల్లగొండ దిక్కు నుంచి ఒచ్చి దిల్‌సుఖ్‌నగర్‌ల పడ్డం. ఇప్పుడు బంగారం దుకాండ్లు, కోచింగులు ఉన్న కాడ అప్పుడు ద్రాక్షతోటలు. అందరం తోట పనికే పోదుము. అందరు స్టూలేసుకోని గుత్తులు తెంపితె, బావ నిలవడి తెంపెటోడు. పొద్దూకినంక వాలీబాల్ ఆడెటోడు. ఆయన నెట్టు కాడ నిలవడితె అవుతలోల్లు బాల్ ఎటు కొట్టాల్నో తెల్వక ఆయన మొఖం దిక్కు చూసెటోల్లు. ఒక మిల్లోల్లు ఆళ్ల టీంల పెట్టుకున్నరు. కప్పులు తెచ్చిండు, మెడల్లు తెచ్చిండు. మీ తాత ఏం తెచ్చిండు? చుట్టలు తెచ్చుకున్నడు.

బావ పెండ్లం కిష్టమ్మ. నా తోడికోడలు. నాకంటె ముందుగాల ఒచ్చింది, నేను అక్కా అనాలె. అన్న గూడ. నోటితోని అన్న.

ఇంట్ల ఒక్క బర్రె. మా అత్త లచ్చమ్మ పాలు పిండంగనే చెంబెడు బావకు పెట్టేది. మిగిలితె కిష్టమ్మకు. "పహిల్వాను పెండ్లం, జర బలం ఉండాలె" అనేది. మీ నాయిన నా కడుపుల ఉన్నప్పుడు గూడ నాకు మజ్జిగ నీళ్లే. ఇప్పటికి పాలు చూస్తె నాకు గామె మొఖమే యాదికొస్తది. గందుకే చాయ నల్లగ తాగుత. మీరేమొ అవ్వకు షుగరు అనుకుంటరు.

శనివారం కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి పోయెటోల్లం. బావ ముంగట, ఆమె ఎనుక. జనం పక్కకు జరిగెటోల్లు. ఆడోల్లు పిల్లల్ని తెచ్చి బావ చేతులల్ల పెట్టెటోల్లు, మా వానికి గింత ఎత్తు రావాలె అని. కిష్టమ్మ పక్కన నిలవడి, తనే కన్నట్టు నవ్వేది. నేను మీ తాత ఎనుక పోయేది. కాళ్లు తొక్కెటోల్లే గాని జరిగినోడు లేడు.

గట్ల ఉండంగ మల్లికార్జునరావు అని ఒక ఆంధ్రాయన ఒచ్చిండు. ఊరూరు తిరిగి ఫ్రీస్టైల్ కుస్తీలు పెట్టిచ్చెటోడు. బల్లలు పరిచి, నాలుగు దిక్కుల తాళ్లు కట్టి, టికెట్ పెట్టి ఆడిచ్చే కుస్తీ. బావను వాలీబాల్ కాడ చూసిండు. "నీ పొడుగు బంతికి వేస్టు చేస్తున్నావయ్యా, నాతో రా" అన్నడట. పోయిండు. బెజవాడ, మద్రాసు, నాగ్‌పూర్ తిరిగిండు. ఒచ్చేటప్పుడు పెండ్లానికి చీరెలు, మద్రాసు అద్దాల గాజులు. నాకేం తెచ్చిండో తెలుసా? ఇడిసిన బట్టలు.

మా అత్త అన్నది, "అండాలూ, కిష్టమ్మకు సూది పట్టరాదు, నువ్వు కుట్టు."

రాదంట. మొగన్ని పట్టుకోని తిరుగరావట్టె, సూది పట్టరాలే.

కుస్తీల ఏసుకునే నల్ల బనీను, దాన్ని ఉతుకుడు నేనే, కుట్టుడు నేనే. ఉతుకంగ ఉతుకంగ నాకు ఒకటి సమజైంది. ముందల కొత్తగనే ఉంటది. ఎనుకనే చినుగుతది. ఎప్పుడు తెచ్చినా గంతే, ఈపు దిక్కు రాసుకపోయి పోగులు తేలుతయి. ఎదుటోన్ని ఎత్తేసే మొగోని బనీను ఈపు మీద ఎందుకు చినుగుతదే?

అప్పట్ల బావ ముంగట నిలవడి మాట్లాడుడు మాకు లేదు. కొంగు కప్పుకోని తలుపు చాటుకు నిలవడాలె, చెప్పేది ఉంటె గోడకు చెప్పాలె. నేను గోడకే చెప్పిన, "ఈ బనీనుకు ఏం రోగమో, ఎనుకనే చినుగుతది" అని. అవుతల బావ బువ్వ తింటుండె. కలిపే చెయ్యి ఆగింది.

మీ తాత తాళ్లు కట్టెతందుకు ఆళ్లెంబడి పోయెటోడు. పీకి పీకి అడిగితె చెప్పిండు. "అన్న పనే పడుడు. అంత పొడుగోడు దభీమని పడితెనే జనం ఎగవడి చూస్తరు. ముందుగాలనే అనుకుంటరు, ఎవరు పడాల్నో. ఊకో, ఎవరికన్న చెప్తివా, నీ నోట్ల మన్ను."

కిష్టమ్మకు తెల్వదు. ఈపుకు నూనె రాసేటప్పుడు దెబ్బలు కనపడయా? కనపడ్డయి. "ఎత్తి ఏసేటప్పుడు ఈపు తాళ్లకు రాసుకపోతది" అన్నడట. నమ్మింది. బోరింగు కాడ అందరికి చెప్పేది, "మా ఆయన ఈపు ఎన్నడు నేలకు ఆనలే, ఒక్క కుస్తీ ఓడలే" అని. నేను బిందె పట్టుకోని వింటుంటి. ఆ మాట నా నాలిక కొసన ఉండె. దాచుకున్న. మంచి దినం చూసి తీద్దామని.

ఆ దినం ఒచ్చింది. అరవై తొమ్మిది. జై తెలంగాణ అని పోరగాల్లు చదువులు ఇడిసి రోడ్ల మీద పడ్డరు. పట్నంల కాల్పులైనయి, పాణాలు పోయినయి. మా దిక్కు జులూసు తీస్తె బావను ముంగట నడిపిచ్చెటోల్లు, జెండ దూరం కెల్లి కానొస్తదని. ఆ యాల్లనే మల్లికార్జునరావు సరూర్‌నగర్ చెరువు కట్ట కింద కుస్తీ పెట్టిచ్చిండు. మన దశరథ ఒకదిక్కు, బెజవాడ పహిల్వాన్ ఒకదిక్కు. చూడు ఆయన తెలివి! ముందటి ఆటల బావ పడాలె, జనం కోపానికొచ్చి రెండో ఆటకు ఇంకా ఎక్కువ రావాలె. అప్పుడు బావ గెలవాలె. మీ తాత నాకు ఇదంత చెప్పి, "బస్తీల మొఖం ఎట్ల చూపెట్టాల్నో" అని తల పట్టుకున్నడు.

నాకైతె పండుగ అయింది.

కిష్టమ్మ ఎన్నడు కుస్తీ చూడలే. ఆడోల్లు పోకపోదురు. నేనే పోయి దగ్గర కూసున్న. "అక్కా, ఊరంత చూస్తది నీ మొగన్ని, నువ్వు చూడవా? నేనుంట నీకు తోడు" అన్న.

"అత్త తిడ్తదే."

"అత్తకు నేను చెప్త గాని, నువ్వు ఆ మద్రాసు చీరె కట్టు."

చెయ్యి పట్టుకోని తీస్కపోయి తాళ్ల కాడ, ముంగటి వరసల కూసోబెట్టిన. ఆయన పడ్డప్పుడు నేను ఆయన దిక్కు చూడొద్దు, ఈమె మొఖం చూడాలె అనుకున్న.

బావ ఒచ్చిండు. తాళ్ల కింది నుంచి గాదు, పైకెంచి కాలేసి. జనం జై తెలంగాణ అని మొత్తుకుంటున్నరు. బెజవాడ పహిల్వాన్ గట్టోడే గాని బావ రొమ్ముకు ఒస్తడు. కొంచెంసేపు గుంజుకున్నరు. బావ ఊగుతుండు, పడేతట్టే ఉన్నడు. అప్పుడు చూసిండు ఈమెను. పచ్చ చీరె, గాజులు, రెండు చేతులు గదవకు పెట్టుకోని, చిన్నపిల్ల లెక్క చూస్తుంది. బావ ఊగుడు ఆగింది.

ఆ పహిల్వాన్ చెవుల గొణుగుతుండు, నాకు ఇనపడ్తుంది. "పడవయ్యా దశరథా... ఏంటయ్యా, పడు! నన్ను చంపుతాడయ్యా మా ఓనరు!"

బావ పడలే. ఆయన్ని రెండు చేతులతోని లేపిండు, తలకాయ మీద దాక. మల్ల పసిపిల్లను మంచంల పండవెట్టినట్టు మెల్లగ ఈపు మీద పండవెట్టి, రొమ్ము మీద చెయ్యి పెట్టి కూసున్నడు. ఇగ చూడు, జనం తాళ్లు తెంపిన్రు. బావను భుజాల మీద లేపుదామని చూసి, లేపరాక, కిష్టమ్మకు దండేసిన్రు. కిష్టమ్మకు! తీస్కొచ్చింది నేను!

మల్లికార్జునరావు తెల్లారి ఇంటికొచ్చిండు. "ఇంక నీకు ఏ ఊళ్లోనూ రింగు లేదు. ఎవడు పిలుస్తాడో నేనూ చూస్తా" అని పోయిండు. ఎవ్వడు పిలవలే. కుస్తీలెంబడి తిరుగంగ అంతకు ముందే మిల్లు టీంల పేరు గూడ పోయింది.

ఆ పొద్దు నేను బండ కాడ బట్టలు ఉతుకుతున్న. బావ ఒచ్చి బనీను పెట్టిండు. "అండాలూ, దీన్ని ఇగ కుట్టకు. కిష్టికి చెప్పకు" అన్నడు. నేను కొంగు మర్సిపోయిన. మొఖం మీదనే అడిగిన, "పడితె ఏం పోయె బావా? బువ్వ పెట్టే పని గదా."

"ఆమె ముంగటనా?" అన్నడు.

గంతె. మేం ఇద్దరం ఎదురుంగ మాట్లాడింది ఆ ఒక్కసారి. మీ తాత తాగి నా ముంగట ఎన్నిసార్లు మోరిల పడ్డడో, ఒక్కనాడన్న నా దిక్కు చూసి సిగ్గుపడ్డడా? "ఆమె ముంగటనా" అంట. నేను ఆ బనీను పిండి పిండి నీళ్లన్ని తీసిన.

దాచుకున్న మాట ఇగ దేనికి పనికొస్తది? చెప్తె, నీ మొగడు ఊరూరు పడ్డడే అని చెప్తె, నీ ముంగట పడలేదే అని గూడ చెప్పాలె. ఇంత బువ్వ ఇడిసింది నీ కోసమే అని చెప్పాలె. ఆమె ఇంకింత పెద్దదైతది. ఎందుకు చెప్త?

తర్వాత తోటలు కొట్టి ప్లాట్లు జేసిన్రు. బావ ఎల్‌బీ నగర్ దిక్కు ఇండ్లు కడ్తుంటె ఇటుకలు అందిచ్చిండు, నిచ్చెన లేకుండ. మల్ల సినిమా టాకీసు గేటు కాడ నిలవడ్డడు. సినిమాకు ఒచ్చిన పిల్లలు ఆయన్నే చూసెటోల్లు. మోకాళ్లు ఉబ్బినయి. చేతులు, దవడ పెరుగుతనే ఉండె. దవాఖాన్ల డాక్టరమ్మ అన్నదట, ఈ మనిషికి పెరుగుడు ఆగలేదు, అదే రోగం, గుండె మోస్తలేదు అని. ఇన్నేండ్లు బర్రె పాల పెరుగుడు అనుకున్నం మేము.

పోయిననాడు మంచం మీది నుంచి దించి కింద పండవెట్టబోయిన్రు. కిష్టమ్మ అడ్డం పడ్డది. "పండవెట్టొద్దు! మా ఆయన ఈపు ఎన్నడు నేలకు ఆనలే. కూసోబెట్టున్రి!" అన్నది. గోడకు ఆనిచ్చి కూసోబెట్టిన్రు. బస్తీ బస్తంత ఏడ్చింది ఆ మాటకు. మీ తాత నా దిక్కు చూసిండు, ఇది నోరు తెరుస్తదేమో అని. ఆ బనీను నా పెట్టెల్నే ఉండె, ఎనుక అన్ని నా అతుకులే.

నేను తెరవలే. ఒక తలకింది మెత్త తెచ్చి ఆయన ఈపు ఎనుక పెట్టిన.

పోయినేడు కిష్టమ్మ గూడ పోయింది, ఆయన పడుడు సంగతి తెల్వకుండనే. గందుకే ఇయ్యాల చెప్తున్న.

దశరథ బావ పోయిననాడు ఆయనకు ముప్పై తొమ్మిదేండ్లు.