అమ్మకానికి పెట్టిన కారుకు కొత్త నిమ్మకాయ

మాది జనగామ దగ్గరి పల్లె. మగ్గం నేసి మమ్మల్ని పెంచిన బాపుకు తన పాత జపాన్ కారంటే ప్రాణం. "గా కంపెనోళ్లు మొదట్ల మగ్గాలు చేసిండ్రు. మనోళ్లే!" అని ఊరంతా చెప్పేవాడు. నిరుడు ఆయనకు చూపు తగ్గడంతో నేనే కారును అమ్మకానికి పెట్టాను.

నర్సింహులపేట నుంచి కొనేటాయన వచ్చాడు. బాపు అందుకున్నాడు: "ఏసీ రాదు, గేరు పడదు, వానొస్తె లోపట కురుస్తది." అన్నీ అబద్ధాలే! నాకు తల కొట్టేసినట్టయింది. కొనేటాయన తాళం తిప్పగానే కారు స్టార్టయింది, ఏసీ చల్లగా వచ్చింది, గేరూ పడింది.

దిగి, బంపరుకు ఆ పొద్దునే కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు చూశాడు.

"అమ్మే బండికి ఎవరి దిష్టి తగుల్తదని కట్టినవ్ బాపూ?" అని అడిగాడు.

"నీదే, బిడ్డా!"

బేరం మానేసి నేనే డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు బాపు పక్క సీట్లో కూర్చుని నాకే వంకలు పెడుతుంటాడు, కారుకు మాత్రం ఒక్కటీ పెట్టడు.