కొట్టేసిన పేరు

కోవిల్‌పట్టి బడిలో మా క్లాస్ లీడరు హాజరు పిలిచేటప్పుడు ఒక్కో పేరుకీ తలెత్తి చూసేది. జవాబు వినపడేదాకా ఇంకో పేరుకి పోయేది కాదు.

ఏడో తరగతి సగంలో నేను బడి మానేసి అగ్గిపెట్టెలకి కాగితాలు అంటించే పనిలో కూర్చున్నాను. టీచరు నా పేరు ఎర్రసిరాతో కొట్టేసిందని విన్నాను. తర్వాత పెళ్లయి విరుదునగర్ వచ్చాను. మా అరవదేశపు పద్ధతిలో పేరు ముందు పెట్టుకునే నాన్న పేరు మొదటి అక్షరం పోయి మొగుడి అక్షరం వచ్చింది. ఇక ఫోన్లో ఎవరు వెతికినా నేను దొరకను.

మొన్న మా ఆడబిడ్డ ఫోన్ పట్టుకొచ్చింది. “వొదినా, గ్రూపులో ఏందో వొచ్చింది. మీ ఊరి బడి మాదిరి ఉండాది, విను.”

ఆ గొంతు నాకు తెలుసు, మా క్లాస్ లీడరుది. ముప్పై ఏళ్ల తర్వాత, చేతిలో రిజిస్టరు ఉండే వీల్లేకపోయినా, మా తరగతి మొత్తాన్నీ వరసగా అరవంలో పిలుస్తోంది. ఆడపిల్లలందరికీ పుట్టింటి అక్షరాలే. ప్రతి పేరు తర్వాతా అదే ఆగడం. ఇన్నేళ్లూ ఇంతమందిని ఎక్కడ దాచుకుందో!

నా పేరు రావలసిన చోట వేరే పేరు వచ్చింది. ఇక్కడా కొట్టేశారనుకున్నాను.

ఆఖరి పేరు కూడా అయింది. అప్పుడు నా పేరు వినపడింది. వెంటనే మాట మారింది. బెంచీ మీద మేమిద్దరమే గుసగుసలాడుకున్న ఇంటి తెలుగు.

“యాడుండావే? నీకోసరం ఇంకా నిలబడే ఉండా.”

కింద ఆమె నంబరుంది. ఆడబిడ్డ ఆ నంబరు తెరిచి, మైకు నొక్కి ఫోను నా నోటి దగ్గర పెట్టింది. నేను లేచి నిలబడ్డాను.

“ఉండానే.”