తూర్పుకి తిరిగిన సర్వరు

హెన్రీకి కుదురు లేదు. ఏలూరులో ప్యాసింజరు ఎక్కితే తాడేపల్లిగూడెం దాకా గుమ్మం దగ్గరే నిలబడతాడు, తను కూర్చుంటే రైలు ఆగిపోతుందన్నట్టు. అలాంటివాడికి ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు కంప్యూటర్ ల్యాబు అప్పగించారు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

రెండువేల ఆరులో ల్యాబుకి కొత్త కంప్యూటర్లు దిగాయి. ఒక్కోదాంట్లో సీడీ పెట్టి లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తూ కూర్చోవడం హెన్రీ వల్ల అయ్యే పనా? స్విచ్చి వెయ్యగానే అన్నీ నెట్‌వర్కులో సర్వరు అనే ప్రధాన కంప్యూటరుని పిలిచి, లినక్సుని వాటంతటవే ఎక్కించుకునే ఏర్పాటు చేశాడు. ఒకదాని మీద చేసి చూపిస్తే ప్రిన్సిపాల్ కనకరాజుగారు ముచ్చటపడ్డారు.

"రేపు మధ్యాహ్నం ప్రాక్టికల్ పరీక్షకి అన్నీ సిద్ధం చేసెయ్యండి. మీ పర్మనెంటు ఆర్డరు మీద సంతకం పెట్టేస్తాను" అన్నారు.

మర్నాడు పొద్దున హెన్రీ అన్నీ ఒకేసారి ఆన్ చేశాడు. అన్నీ ఒకే చోట ఆగిపోయాయి. సర్వరు బదులు పలకడం లేదు.

హెన్రీ కంప్యూటర్ల వైర్లు మార్చాడు. సర్వరుని ఆపి మళ్ళీ లేపాడు. సెట్టింగులు సగం చదివి వదిలేశాడు. ఒకచోట నిలబడి ఆలోచిస్తే ఏమైనా తేలేదేమో గానీ, ఆ ఒక్కటీ అతనికి చేతకాదు. అంతలో కనకరాజుగారి ఫోను.

"ఏమైందండీ?"

"నిన్నటిదాకా బాగానే ఉందండీ. పొద్దున పాపారావుగారు ఊడ్చినప్పుడు ఏదో కదిపేసుంటారండీ." నోటికేదొస్తే అది అనేశాడు.

పాపారావు భీమడోలు నుంచి వచ్చే రోజుకూలీ అటెండరు. కాసేపటికి అతను సంచీ తీసుకుని, "రేపట్నించి రావద్దన్నారండీ, వెళ్ళొస్తాను" అన్నాడు. హెన్రీ తలెత్తి కూడా చూడలేదు.

చివరికి సర్వరు వెనక్కి దూరాడు. వైరు గుచ్చిన చోట కుంకుమ అంటుకుని ఉంది.

నిన్న సాయంత్రం ల్యాబుకి పూజ చేశారు. సర్వరు తూర్పుకి తిరిగి ఉండాలన్నారు. చర్చికి వెళ్ళేవాడు కాబట్టి ఎడంగా నిలబడ్డాడని ఎవరైనా అనుకుంటారేమోనని, హెన్రీయే చొరవగా వైరు పీకి, పెట్టెని తిప్పి, బొట్టు పెట్టి, అదే చేత్తో వైరు మళ్ళీ గుచ్చాడు. వెనక ఆ వైరుకి సాకెట్లు రెండున్నాయి. ఒకదాంట్లోంచి వచ్చిన పిలుపుకే పలకమని సర్వరుకి నేర్పిందీ తనే, హడావిడిలో రెండోదాంట్లో గుచ్చిందీ తనే.

వైరుని మొదటి సాకెట్లోకి మార్చాడు. భోజనాల వేళకి ల్యాబంతా సిద్ధమైంది.

"శభాష్! మీ ఆర్డరు తయారవుతోందండీ" అని కనకరాజుగారు భుజం తట్టారు. హెన్రీకి సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆయన అటు వెళ్ళగానే స్టేషనుకి పరుగెత్తాడు.

ప్యాసింజరు కోసం కూర్చున్న పాపారావు అతన్ని చూసి లేచి నిలబడ్డాడు. "ఏ వైరు తగిలిందో నాకు తెలీలేదండీ. మీ ఉద్యోగానికి అడ్డొచ్చాను. ఏమీ అనుకోకండి."

హెన్రీ అతని సంచీ అందుకున్నాడు. "మీరు కాదు పాపారావుగారూ, నేనండీ. రండి, పోదాం."

కనకరాజుగారి గదిలో, సంతకానికి సిద్ధంగా ఉన్న తన ఆర్డరు కాగితం ముందు నిలబడి, "వైరు తప్పు పెట్టింది నేనండీ. చూసుకోకుండా ఈయన మీదకి తోసేశాను. ముందు ఈయన్ని పనిలోకి తీసుకోండి, తర్వాత నా సంగతి చూడండి" అన్నాడు.

పాపారావు మర్నాడే పనిలోకి వచ్చాడు. హెన్రీ ఆర్డరు మాత్రం ఇంకో ఏడాది దాకా కదల్లేదు. ఆ ఏడాదంతా హెన్రీ తన్ను తాను తిట్టుకోని రోజు లేదు. అయితే, నిజం చెప్పేసినందుకు మాత్రం కాదు.