అక్క మిషన్ ఏ దారిలో విరిగిందో

మొన్న ఆదివారం మల్కాజ్‌గిరిలో మా ఇంటికి వచ్చిన అక్క మనవరాలు, పరీక్షకు చదువుకుంటూ ఉన్నట్టుండి పుస్తకం మూసి, "చిన్నమ్మమ్మా, నువ్వు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులనే కదా పనిచేసినవ్, ఇంటర్‌మోడల్‌కు మల్టీమోడల్‌కు తేడా ఏందో జెర చెప్పవా?" అని అడిగింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ రెండు మాటలనూ టైపు కొట్టిన చేతులు నావి, అయినా చెప్పబోయి ఆగిపోయాను. రెండింటిలోనూ సరుకు ఓడ దిగి రైలెక్కుతుంది, రైలు దిగి లారీ ఎక్కుతుంది. మరి తేడా ఎక్కడ? అది తెలియకనే ఒకప్పుడు అక్కా నేనూ ఎండలో సికింద్రాబాదంతా తిరిగామని గుర్తొచ్చి, పిల్లకు ఆ రోజుల సంగతే చెప్పడం మొదలుపెట్టాను.

గల్ఫ్‌లో ఉద్యోగం పోయి తిరిగొచ్చేస్తూ, మా బావ చేతిలో మిగిలినదంతా పెట్టి ఒక పెద్ద ఎంబ్రాయిడరీ మిషన్ కొన్నాడు. మారేడ్‌పల్లి ఇంట్లో ముందుగది ఖాళీ చేసుకుని, పెళ్లి జాకెట్ల మీద పువ్వులు కుట్టి సంసారం నడపాలని అక్క ఆశ. నేనప్పటికి స్టేషన్ దగ్గర ఒక చిన్న సరుకు రవాణా ఆఫీసులో టైపిస్టుగా చేరి ఏడాది కూడా కాలేదు గానీ, ఇంట్లోవాళ్ల దృష్టిలో ఓడలూ రైళ్లూ నా మాట మీదే నడిచేవి. ఆ రోజుల్లో ఆడపిల్లకు ఉద్యోగమంటే ఇంట్లో ఎంత గొప్పో మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఓడ, రైలు, లారీ మారుతూ మిషన్ రానే వచ్చింది. పైకి చెక్కపెట్టె చెక్కుచెదరలేదు. మేకులు ఊడదీసి చూస్తే, సూది పట్టుకునే ఇనుప చెయ్యి మొదలంటా విరిగి ఉంది. అక్క ఏడవలేదు, విరిగినచోట చేత్తో తడుముతూ అలాగే కూర్చుండిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి అక్కను వెంటబెట్టుకుని బయల్దేరాను. లారీవాళ్లు సీలు వేసినది వేసినట్టే తెచ్చామన్నారు. రైలు సంగతి చూసే ఆఫీసులో, ఓడ దిగేటప్పటికే లోపల ఎలా ఉందో మాకేం తెలుసన్నారు. ఓడ ఏజెంటు, రేవు దాటాక తనకు సంబంధం లేదన్నాడు. ముగ్గురూ మర్యాదగా కూర్చోబెట్టారు, ముగ్గురూ నిజమే చెబుతున్నట్టున్నారు. మా తికమకంతా అదే. బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడి, "అందరు మంచిగనే మాట్లాడుతున్రు, మరి విరగ్గొట్టిందెవరే?" అంది అక్క.

చివరికి మా ఆఫీసు మేనేజరు దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన ఓపికగా అంతా విని, "దారంతా ఒక్కటే పెట్టె వచ్చిందమ్మా, నడుమ ఎవరు తెరవలేదు. గానీ మీ ఆయన ఓడోల్లతోని ఒక మాట, రైలోల్లతోని ఒక మాట, లారీవోల్లతోని ఒక మాట మాట్లాడుకున్నడు. ఎవరి ముక్కకు వాల్లే జవాబు. గిది ఇంటర్‌మోడల్. అదే మొత్తం దారి ఒక్కనికే అప్పజెప్తే, ఎక్కడ విరిగినా ఆ ఒక్కన్నే అడిగేటోల్లు. అది మల్టీమోడల్" అన్నాడు.

"మరి చూస్తె ఎట్ల తెలుస్తది సార్, రెండిట్ల పెట్టె ఒక్కతీరే ఉంటదా?" అంది అక్క.

"ఒక్కతీరే ఉంటది. కొంతమంది రెండిటికి ఒక్కటే పేరు సుత వాడుతరు. ఒక్కోపారి నాకే పరేషాన్ అయితది" అని ఆయన తల గోక్కున్నాడు.

విడివిడిగా మాట్లాడుకుంటే డబ్బు కలిసొస్తుందనుకున్న బావ, ఈ సంగతి విని తనే ఆ విరిగిన చెయ్యి పట్టుకుని రిపేరుకు బయల్దేరాడు. రాణిగంజ్‌లో ఒక వెల్డింగు అతను ఆ చెయ్యి అతికించి ఇచ్చాడు. మిషన్ నడిచింది, కానీ పువ్వు వంపు తిరిగేచోట దారం పక్కకు జరిగిపోయేది. తిన్నని కుట్టు మాత్రం చక్కగా పడేది. అక్క జాకెట్ల ఆశ వదులుకుని బడిపిల్లల యూనిఫాంలు కుట్టింది. ఆ కుట్లతోనే ఇల్లు నిలబడింది, పిల్లలు చదువుకున్నారు. అయినా ఏ పెళ్లిలోనైనా పనితనమున్న జాకెట్టు కనబడితే, అక్క దగ్గరికెళ్లి అంచు తిరగేసి చూడకుండా ఉండలేకపోయేది.

ఇదంతా చెబితే మనవరాలు శ్రద్ధగా విని, చివర్లో మాటకొకటి చొప్పున రెండే వాక్యాలు రాసుకుంది. ఆ రెండు వాక్యాలూ సరైనవేనని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

ఈమధ్య ఫోనులో తెప్పించిన మిక్సీ పగిలి వచ్చింది. పిల్లలు ఫోటో తీసి పంపితే సాయంత్రానికల్లా డబ్బు వెనక్కి వచ్చింది, నాకు కోపం తెచ్చుకునే తీరిక కూడా లేకపోయింది. ఎక్కడ పగిలిందని ఎవరూ అడగలేదు. మంచి మార్పే, కాదనను. ఆనాడు అక్కకు అలా జవాబు చెప్పే ఒక్క దిక్కు ఉండుంటే ఎంత బాగుండేది! కానీ ఆ మూడు ఆఫీసుల్లో కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, తప్పు తమది కాదని మొహమాటపడుతూ చెప్పిన మనుషుల ముఖాలు నాకింకా కళ్లకు కట్టినట్టున్నాయి. మిక్సీ తెచ్చిచ్చిన మనిషి ముఖం మాత్రం, ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.