తువ్వాలు వేసిన సీటు

ఈ రోజు నరసన్నపేటలో, మా పల్లెకు వెళ్లే ఒకే ఒక్క బస్సు కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు పట్టుకున్నాను. పక్క సీటు మీద ఒక తాత తువ్వాలు వేశాడు. అందరం ఎక్కి కూర్చున్నాక కండక్టరు వచ్చి, డ్రైవరు లేడు, బస్సు వెళ్లదని చెప్పాడు. ఆ దారిలో ఆటోలు తిరగవు. నడవగలిగే వయసు కాదు తాతది.

"ఇప్పుడెలా ఎల్తావు తాతా?" అని అడిగాను.

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మా అమ్మాయికి ఒంట్లో బాగోనేదని కబురొచ్చి మూడ్రోజులైనాది బాబూ. రోజూ వచ్చి తువ్వాలేస్తన్నాను. సీటైతే దొరుకుతాది."

మీ ఊరి బస్సయినా కదులుతోందా? నేను మాత్రం కర్చీఫు సీటు మీదే వదిలేసి దిగాను. రేపు కూడా అది అక్కడే ఉంటుంది.