ఊదుడక్క ఒప్పుకున్న తప్పు

ఆసుపత్రిలో ఆమెను అందరూ ఊదుడక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా ఊపిరితిత్తుల పరీక్ష గదిలో కూర్చుని "ఊదు, ఊదు, ఇంకా ఊదు, ఆపకు!" అని గొంతు చించుకోవడమే ఆమె ఉద్యోగం. ఇంట్లో పాలు పొంగినా అదే కేక వేస్తుందని భర్త ఆటపట్టిస్తాడు. మనిషి మంచిదే కానీ మొండిఘటం. తన కాగితంలో తప్పుండదని కాస్త గర్వం కూడా.

ఆ గర్వానికి ఓ గురువారం గండి పడింది.

రక్త క్యాన్సర్ వచ్చిన ఒక వెల్డరుకు సొంత చెల్లెలి మూలకణాలు సరిపోయాయి. అవి ఎక్కించేముందు ఒళ్లు ఆ వైద్యాన్ని తట్టుకుంటుందో లేదో తెలియడానికి డాక్టర్లు గుండెకు, కాలేయానికి, ఊపిరితిత్తులకు స్కోరు వేస్తారు. మొత్తం మూడుకు చేరితే ప్రమాదం ఎక్కువని లెక్క. వెల్డరుకు అన్నీ సున్నాలే, ఊపిరితిత్తులకు మాత్రం మూడు. మధ్యాహ్నం సమావేశంలో "మార్పిడి వద్దు" అని రాసేయడమే తరువాయి. మార్పిడి లేకపోతే ఆ మనిషి ఏడాది బతకడం కూడా కష్టమే.

భోజనాల వేళ ఫైలు మరోసారి తిరగేసిన ఊదుడక్కకు గుండె గుభేలుమంది. రక్తం తక్కువున్నవాళ్లకు ఊపిరితిత్తులు బాగున్నా ఫలితం తక్కువే చూపిస్తుంది. అందుకే ఆ రోజు హిమోగ్లోబిన్ ఎంతుందో వేసి సరిచేయాలి. ఆమె పన్నెండు వేసింది. అతనికున్నది ఏడున్నర! ఆసుపత్రి ఫైళ్లలో కొత్త రిపోర్టు పైనుంటుంది. వెల్డరు చెల్లెలేమో మహా పొందికైన మనిషి, అన్న ఫైలును పుస్తకంలా మొదటి తేదీ నుంచి సర్దిపెట్టింది. ఊదుడక్క అలవాటుకొద్దీ పైనున్న పాత కాగితం చూసి అంకె వేసేసింది.

మళ్లీ లెక్కగట్టింది. యాభై ఎనిమిది శాతం కాస్తా డెబ్బై నాలుగైంది. స్కోరు మూడు నుంచి రెండుకు దిగింది. ఆ కాగితం పట్టుకుని తిన్నగా సమావేశం గదిలోకి వెళ్లింది.

"ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదే! ఎలా జరిగింది? రిపోర్టులు ఎవరైనా తారుమారు చేశారా?" అన్నాడు పెద్ద డాక్టరు.

చెల్లెలి మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చేతులారా అన్నకు దారి మూసేశానని తెలిస్తే ఆ పిల్ల జీవితాంతం కుమిలిపోతుంది.

"తేదీ చూడాల్సింది నేను సార్. చూడలేదు. తప్పు నాది, శిక్ష అతనికి వేయకండి."

సిగ్గుతో చెవులు కాలిపోతున్నా, కొత్త లెక్క ఒప్పుకునేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

సాయంత్రం పెద్ద డాక్టరు అన్నాచెల్లెళ్లను పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు. "మార్పిడి చేస్తాం. కానీ ఇలాంటి పదిమందిలో నలుగురు రెండేళ్లు దాటరు. ఆలోచించుకోండి."

వెల్డరు ఊదుడక్క వైపు తిరిగాడు. "నా ఊపిరితిత్తులు నిజంగా బాగున్నట్టేనా అక్కా?"

"ఉక్కులా ఉన్నాయని అబద్ధం చెప్పను. పర్లేదు. మూడుసార్లు లెక్క చూశాను."

"అయితే సంతకం ఎక్కడ పెట్టాలి?"

ఆమె జేబులోంచి పెన్ను తీసింది. ఆ నలుగురిలో ఇతనుంటే, ఈ దారి తెరిచింది తనే. అయినా పెన్ను అతని చేతిలో పెట్టి, సంతకం పూర్తయ్యేదాకా పక్కనే నిలబడింది.