అఫర్డ్ అనే మాటకు నేను చెప్పిన వాక్యం

నా చిన్నప్పుడు మా ఊరి బళ్ళో ఇంగ్లీషు పీరియడంటే అరచేతులు వాచిపోయే పీరియడు. అందుకే మా వీధి చివరి డాబాలోకి కొత్తగా వచ్చిన మాస్టారు ట్యూషన్ మొదలుపెట్టారనీ, ఆయన పిల్లల మీద చెయ్యి వెయ్యరనీ తెలియగానే సగం వీధి పిల్లలం అక్కడ చేరాం. పర్చూరుకు దగ్గర్లో పత్తీ, మిరపా పండే పల్లె మాది. కూతురికి ఇంగ్లీషు వస్తే ఎండలో కాయలు ఏరే బతుకు తప్పుతుందని మా అమ్మ ఆశ. నాకప్పుడు పదేళ్ళుంటాయి.

మాస్టారి పద్ధతే వేరు. రోజూ బోర్డు మీద కొన్ని మాటలు రాసి, పక్కన తెలుగులో అర్థం రాసేవారు. ఆ తర్వాత ఒక్కొక్కరం లేచి ఆ మాటతో సొంత వాక్యం చెప్పాలి. పుస్తకంలోది చెబితే ఆయనకు నచ్చేది కాదు. "అది ఎవరిదో వాక్యం. మీ ఇంట్లోది చెప్పండి. అప్పుడు ఆ మాట మీదవుతుంది" అనేవారు. లేజీ అనే మాటకు నేను మా గేదె కాలవలోంచి లేవదని చెప్పాను. అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, సీసాలోంచి వేరుశనగ ఉండ తీసి ఇచ్చారు. మంచి వాక్యానికి అదీ బహుమతి.

ఉండ కోసం మేం ఏం చెప్పడానికైనా సిద్ధంగా ఉండేవాళ్ళం. క్వారెల్ అనే మాటకు ఒకడు వాళ్ళ నాన్నా బాబాయీ పొలం గట్టు దగ్గర కొట్టుకున్న సంగతి చెప్పాడు. హైడ్ అనే మాటకు ఒక పిల్ల వాళ్ళ అమ్మమ్మ గొలుసు ఎక్కడ దాస్తుందో చెప్పింది. తప్పులుంటే మాస్టారు ఓపిగ్గా దిద్దేవారు. ఆ తర్వాత మెత్తగా ఒక్క మాట అడిగేవారు, "వై?" అని. మేం బికాజ్ అని మొదలుపెట్టి మిగతాది కూడా చెప్పేసేవాళ్ళం. ఒప్పుకోవాలి, ఆ పద్ధతిలో మాటలు నిజంగానే వచ్చేవి. ఆరు నెలలు తిరక్కుండా బళ్ళో నాకు దెబ్బలు తప్పాయి.

మాస్టారి ఇంట్లోనే ఆయన బావమరిది ఉండేవాడు. మిర్చి దళారి. చుట్టుపక్కల ఊళ్ళలో కల్లాల దగ్గరికి వెళ్ళి కాయలు బేరమాడి, గుంటూరు యార్డుకు తోలించేవాడు. సాయంత్రం పూట అరుగు మీద మంచం వేసుకుని టీ తాగుతూ కనిపించేవాడు. మమ్మల్ని ఎప్పుడూ పలకరించేవాడు కాదు. మేమూ అతణ్ణి పట్టించుకోలేదు.

ఆ ఏడు మాకు కాయ బాగా దిగింది. కల్లం నిండా ఎర్రగా పరిచి ఉంది. కానీ రేటు పడిపోయింది. దళారి ఒకసారి వచ్చి అడిగితే మా నాన్న నవ్వుతూ, "నాకేం తొందరలేదయ్యా. రేటొచ్చేదాకా కోల్డ్ స్టోరేజీలో పడేసుకుంటా" అని పంపించేశాడు. నేను అక్కడే ఉన్నాను. నాన్న ఎంత ధీమాగా చెప్పాడో అని మురిసిపోయాను కూడా. అది ధీమా కాదనీ, బేరంలో పెట్టిన ముఖమనీ పదేళ్ళ పిల్లకు ఎలా తెలుస్తుంది?

అప్పటికే మా అమ్మకు కడుపులో గడ్డ అని గుంటూరులో డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆలస్యం చేస్తే కష్టమనీ, సోమవారం ఆపరేషన్‌కు చేర్పించమనీ అంది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆడమనిషి జబ్బు నలుగురి నోళ్ళలో పడటం అమ్మకు ఇష్టం లేదు. కాయలు అమ్మేదాకా అవసరం బయటపడకూడదని నాన్న ఆలోచన. ఎవరితోనూ అనొద్దని నాకెవరూ చెప్పలేదు, నేను వింటున్నానని ఎవరూ అనుకోలేదు కాబట్టి. వంటింట్లో పప్పు రుబ్బుతున్న నాయనమ్మతో నాన్న, "మనం ఆగలేమమ్మా. యార్డుకు నేనే తోలుకెళ్ళి, వచ్చిన రేటుకు అమ్మేస్తా" అనడం మాత్రం విన్నాను.

ఆ సాయంత్రమే మాస్టారు బోర్డు మీద అఫర్డ్ అని రాశారు. పక్కన స్తోమత అని రాసి, "ఇది డబ్బుకే కాదు. ఇక ఆగలేం, ఆలస్యం చెయ్యలేం అనడానికి కూడా వాడతారు" అన్నారు. నాకు నాన్న మాట ఠక్కున గుర్తొచ్చింది. చెయ్యెత్తాను. "మై ఫాదర్ కెనాట్ అఫర్డ్ టు వెయిట్" అన్నాను. తడబడకుండా, ఒక్క తప్పు లేకుండా వచ్చింది. మాస్టారి ముఖం వెలిగిపోయింది.

"వెరీ గుడ్ అమ్మాయ్. వై?"

"బికాజ్ మై మదర్స్ ఆపరేషన్ ఈజ్ ఆన్ మండే."

ఆ రోజు నాకు రెండు ఉండలిచ్చారు. ఒకటి అమ్మకు దాచి తీసుకెళ్ళాను. ఎందుకిచ్చారే అని అడిగితే, కష్టమైన మాటకు వాక్యం చెప్పానన్నాను. అమ్మ నా తల నిమిరి ఉండలో సగం నాకే పెట్టింది.

మర్నాడు పొద్దున్నే దళారి మా గుమ్మంలో ఉన్నాడు. నాన్న గుంటూరుకు కాయలు తోలే లారీ మాట్లాడటానికి బయల్దేరుతున్నాడు. దళారి మొదటిసారి చెప్పిన రేటుకన్నా బాగా తగ్గించి చెప్పాడు. నాన్న ఎప్పట్లాగే నవ్వి, తొందరలేదన్నాడు.

"తొందరెందుకు లేదన్నా? సోమవారం వదినకి ఆపరేషనంట కదా. నువ్వు యార్డుకెళ్ళి, ఆ క్యూలో నిలబడి, డబ్బు చేతికొచ్చేసరికి ఎన్నాళ్ళవుద్దో ఏమో. నేనైతే ఇప్పుడే చేతిలో పెడతా. చూసుకో మరి" అన్నాడు.

గట్టిగానే అన్నాడు. ఎదురింటివాళ్ళు కూడా విన్నారు. గుమ్మం వెనక ఉన్న అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాన్న ముఖం నేనెప్పుడూ చూడని ముఖంలా అయింది. వేసుకున్న చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. తర్వాత "కాటా తెచ్చుకో" అన్నాడు. మధ్యాహ్నానికి కల్లం ఖాళీ అయింది.

ఆ సాయంత్రం నాన్న నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, ఎవరితోనైనా అన్నావా తల్లీ అని అడిగాడు. నేను గొప్పగా ఆ వాక్యం మొత్తం ఒప్పజెప్పాను. నాన్నకు ఇంగ్లీషు రాదు. తెలుగులో చెప్పమన్నాడు. చెబుతూ చెబుతూ సగంలో నాకే అర్థమైంది. నాన్న కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుని మాస్టారింటికి నడిచాడు.

మాస్టారు లేచి మర్యాదగా కుర్చీ వేశారు. నాన్న కూర్చోలేదు. "మాస్టారూ, పిల్ల పాఠంలో చెప్పిన మాట మీ బావమరిదికి ఎట్టా చేరిందండీ?" అన్నాడు.

మాస్టారు తడుముకోలేదు. "ఇంట్లో మాటల్లో వచ్చిందండి. నేనేమైనా లేనిది కల్పించి చెప్పానా? మీ అమ్మాయి వాక్యం ఎంత చక్కగా చెప్పిందో అదీ చెప్పాను. అమ్మాయికి ఇంగ్లీషు వస్తోంది. దానికి సంతోషించండి" అన్నారు.

నాన్న రెండు చేతులూ జోడించాడు. దణ్ణమో, ఇక చాలనడమో నాకు తెలియలేదు. తిరిగొస్తుంటే, ఇంక ట్యూషన్‌కు వెళ్ళక్కర్లేదు కదా అన్నాను. నాన్న నిలబడ్డాడు.

"వెళ్ళాలి. ఇంగ్లీషు చెప్పేవాళ్ళు మనకింకెవరున్నారు? నేర్చుకో. మనింటి సంగతులు మాత్రం అక్కడ పెట్టకు. నీ తప్పేం లేదమ్మా ఇందులో."

అమ్మ ఆపరేషన్ అయింది. బతికింది, చాలా ఏళ్ళు బతికింది. కానీ ఆ వచ్చిన డబ్బు ఆసుపత్రికే చాలక, మా ఎడ్లజత ఒంగోలు సంతలో అమ్ముడుపోయింది. మరుసటి ఏడు సగం పొలం కౌలుకిచ్చాం. ఎండ తప్పాలని నన్ను చదివించిన అమ్మ, బలం పుంజుకోగానే పక్కవాళ్ళ చేలో కాయలు ఏరడానికి కూలికెళ్ళింది.

నేను ట్యూషన్‌కు వెళుతూనే ఉన్నాను. ఇంట్లోవి కాని వాక్యాలు చెప్పడం నేర్చుకున్నాను. మాకు లేని మామిడితోట, మాకు లేని మేనమామ, మేం ఎప్పుడూ వెళ్ళని ఊళ్ళు. మాస్టారికి తెలుసు అవి అబద్ధాలని. దిద్దడానికి తప్పుల్లేక ఊరుకునేవారు. ఉండ ఇస్తే తీసుకుని, దారిలో కోళ్ళకు వేసేదాన్ని. ఆయన దగ్గర అంత బాగా చదివిన పిల్ల లేదని ఊళ్ళో అందరితో అనేవారట.

ఆ చదువుతోనే గుంటూరులో ఇంగ్లీషు టీచరునయ్యాను. చాలామంది ఆయన్ను తలుచుకుని దణ్ణం పెడతారు. నేనూ కాదనలేను, నా నోట్లో ఉన్న భాష ఆయన పెట్టినదే. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. చెడ్డగా నేర్పి ఉంటే సుఖంగా ద్వేషించేదాన్ని.

ఆ రోజు నుంచి ఎవరు మెత్తగా ఎందుకమ్మా అని అడిగినా మాట మార్చేస్తాను. మా ఆయనకు సైతం నా ఒంట్లో బాగోలేని సంగతి డాక్టరు చీటీ చూశాకే తెలిసేది. క్లాసులో పిల్లల్ని వాక్యాలు అడిగితే కాకి మీద, చెట్టు మీద, రైలు మీద అడిగేదాన్ని.

రిటైరయ్యే ముందు ఏడు, ఎప్పుడూ మాట్లాడని ఒక పిల్ల చెయ్యెత్తింది. నేనిచ్చిన మాట పట్టుకుని లేచి, "మై మదర్ డజ్ నాట్..." అని మొదలుపెట్టింది. నేను ఆలోచించకుండానే, "చాలు, కూర్చో. అమ్మ గురించి వద్దు" అనేశాను. కొంచెం గట్టిగానే అన్నాను. పిల్లలంతా అటు తిరిగి చూశారు. బెల్లు కొట్టాక స్టాఫ్ రూముకు పిలిచి, ఇప్పుడు చెప్పమ్మా, నాకొక్కదానికే చెప్పు అన్నాను. ఆ పిల్ల నేల చూస్తూ, "ఏం లేదు మేడమ్" అంది.

ఏడాదంతా మళ్ళీ చెయ్యెత్తలేదు. వాళ్ళమ్మ ఏం చెయ్యదో నాకు ఈ రోజుకీ తెలియదు.